ఇద్దరమే, 38 అడుగుల సెయిల్‌బోటులో అట్లాంటిక్ దాటాలనుకుంటున్నాం, ప్లాన్ చూసి తప్పులుంటే చెప్పండి

తెల్లచాప:

అందరికీ నమస్తే. నేనూ మా ఆవిడా రెండేళ్ల కింద ఒక సెకండ్ హ్యాండ్ సెయిల్‌బోటు కొన్నాం. 38 అడుగులు, ఫైబర్‌గ్లాస్, 1987లో కట్టింది, ఒకటే మాస్ట్. ఇప్పుడు స్పెయిన్ దక్షిణ తీరంలో ఒక మెరీనాలో ఉంది. ఈ రెండేళ్లూ సెలవు దొరికితే చాలు దాని మీదే ఉన్నాం, తీరం వెంబడి బాగానే తిరిగాం కానీ రాత్రంతా సముద్రంలో గడిపింది మాత్రం ఒక్కసారే, 110 నాటికల్ మైళ్లు, ఆ రాత్రి గాలి కూడా పెద్దగా లేదు. ఇప్పుడు ఇద్దరికీ ఉద్యోగాల నుంచి ఏడాది సెలవు దొరికింది. అట్లాంటిక్ దాటాలన్నది నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న కోరిక, ఇప్పుడు కాకపోతే మళ్లీ ఎప్పటికో.

అనుకున్నదేంటంటే, సెప్టెంబర్ ఆఖర్లో జిబ్రాల్టర్ జలసంధి దాటి కెనరీ దీవులకి వెళ్లడం, అక్కడ ఓ వారం పది రోజులు ఆగి సామాన్లూ నీళ్లూ నింపుకుని అక్టోబర్ 20కి లాస్ పాల్మాస్ నుంచి బయల్దేరి నవంబర్ 10 లోపు కరీబియన్‌లోని బార్బడోస్ చేరడం. 10 అని ఎందుకంటే మా తమ్ముడూ వాళ్లూ ఆ రోజుకి అక్కడికి ఫ్లైట్ టికెట్లు తీసుకుంటామంటున్నారు. కొలంబస్ కూడా 1492లో సెప్టెంబర్ 6న కెనరీస్‌లోని లా గొమేరా నుంచి బయల్దేరి అక్టోబర్ 12కి అవతల నేల చూసాడు, దాన్ని బట్టి చూస్తే మా తారీఖులు మరీ ముందేం కాదు అనుకున్నా.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. తారీఖులు సరిగ్గానే ఉన్నాయా? ఇద్దరం చాలమా, మూడో మనిషి కావాలా? నీళ్ల ట్యాంకు 300 లీటర్లు, సముద్రపు నీళ్లని మంచినీళ్లు చేసే వాటర్‌మేకర్ పెట్టించాలా వద్దా? లైఫ్‌రాఫ్ట్ బోటుతో పాటు వచ్చిందే, సర్వీసింగ్ ఎప్పుడు చేసారో తెలీదు. ఆటోపైలట్ కరెంటుది. అన్నీ కొత్తవి పెట్టించేంత డబ్బు లేదు కాబట్టి ముందు దేనికి ఖర్చు పెట్టాలో కూడా చెప్పండి. మా ఆవిడకి బోటంటే ఇష్టమే, కానీ రాత్రి పూట నడిసముద్రంలో ఒక్కతే మెలకువగా కూర్చోవాలంటే భయం, ఆ మాట దాచకుండా చెప్పింది. నేను అలవాటైపోతుందిలే అనేసా, అలా అనకుండా ఉండాల్సింది అని తర్వాత అనిపించింది.

నడిసంద్రం:

ముందు ఆ ఫ్లైట్ టికెట్లు ఆపించండి, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నేను ఆ దారిలో రెండుసార్లు దాటా. మొదటిసారి మాతో వచ్చిన ఒకతనికి అవతలి నుంచి రిటర్న్ టికెట్ ఉంది, దాని కోసం అందరం తొందరపడ్డాం, ఫోర్‌కాస్ట్‌లో నైరుతి గాలి కనిపిస్తున్నా "ఏం పర్లేదు, రెండ్రోజుల్లో తిరుగుతుంది" అనుకుని బయల్దేరాం. నాలుగు రోజులు ఎదురుగాలిలో కొట్టుకున్నాం, ముందు చాప చిరిగింది, ఇద్దరికి వాంతులు ఆగలేదు, చివరికి వెనక్కి తిరిగి కెనరీస్‌లోనే ఉన్న ఎల్ ఇయేరో దీవికి చేరాం. టికెట్ ఉన్నతను అక్కడి నుంచే విమానం ఎక్కి వెళ్లిపోయాడు. మేం చాప కుట్టించుకుని పన్నెండు రోజులు ఆగి మళ్లీ బయల్దేరితే 21 రోజుల్లో హాయిగా చేరాం, అదే బోటు, అదే సముద్రం. మీ తమ్ముడికి చెప్పండి, మేం చేరి ఫోన్ చేసాక టికెట్ కొనమని. ఆయనకి కాస్త ఖర్చెక్కువ అవుద్దేమో గానీ మీ చేతికి కట్టిన తాడు తెగుద్ది.

ఇక తారీఖుల సంగతి. అట్లాంటిక్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అక్టోబర్ 20న బయల్దేరితే మీ ప్రయాణం మొత్తం దాని లోపలే అవుతుంది. నవంబర్ వచ్చేసరికి తగ్గిపోతాయి కదా అంటారు, తగ్గుతాయి నిజమే, కానీ 1999లో లెన్నీ అని ఒకటి నవంబర్ నడిమధ్యలో కరీబియన్‌లో పుట్టి కేటగిరీ 4 దాకా పెరిగింది. అది కూడా మిగతావాటిలా తూర్పు నుంచి పడమరకి పోకుండా పడమర నుంచి తూర్పుకి వచ్చింది. ఆ దీవుల్లో ఎప్పుడూ గాలి తూర్పు నుంచే కాబట్టి బోట్లన్నీ పడమటి పక్కన లంగరేస్తాయి, సరిగ్గా ఆ పక్కకే అలలు వచ్చి కొట్టాయి. కొలంబస్ సంగతంటారా, 1492లో ఆయనకి అదృష్టం కలిసొచ్చింది. పదేళ్ల తర్వాత 1502లో అదే కొలంబస్ కరీబియన్‌లోని శాంటో డొమింగో రేవు దగ్గర ఆకాశం, అలలు చూసి పెద్ద తుఫాను వస్తోందని పసిగట్టి, స్పెయిన్‌కి బయల్దేరబోతున్న ఓడల్ని ఆపమని అక్కడి గవర్నర్ ఒవాండోకి కబురు పెట్టాడు. గవర్నర్ వినలేదు. సుమారు 20 ఓడలు మునిగిపోయాయి. కాబట్టి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది 1492 తారీఖు కాదు, 1502లో ఆయన ఆకాశం చూసిన తీరు.

ఈశాన్యం నుంచి వీచే ట్రేడ్ విండ్స్ డిసెంబర్, జనవరికి గానీ కుదురుకోవు. 1986 నుంచి ఏటా నవంబర్‌లో లాస్ పాల్మాస్ నుంచి చాలా బోట్లు గుంపుగా బయల్దేరతాయి, అవి వెళ్లాక మెరీనాలో చోటు కూడా సులువుగా దొరుకుద్ది, మీరు వాటి వెనకాల డిసెంబర్‌లో వెళ్లండి. నెలనెలా ఏ చోట గాలి ఎటు నుంచి ఎంత వీస్తుంది, ప్రవాహం ఎటు, గేల్ (తుఫాను గాలి) ఎన్నిసార్లు అనేది పైలట్ చార్టుల్లో ఉంటుంది, పాత ఓడల లాగ్‌బుక్కుల నుంచి మొదలుపెట్టి పోగేసిన లెక్క అది. అక్టోబర్ చార్టూ డిసెంబర్ చార్టూ పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం కూర్చోండి, నేను చెప్పక్కర్లేదు.

దారి కూడా నేరుగా పడమరకి గీయకండి. పాత నావికుల మాట ఒకటుంది, వెన్న కరిగేదాకా దక్షిణానికి పో, తర్వాత పడమరకి తిప్పు అని. కెనరీస్ నుంచి నైరుతికి దిగి, సుమారు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర నమ్మకంగా గాలి దొరికాక అప్పుడు పడమర. లాస్ పాల్మాస్ నుంచి బార్బడోస్ దాదాపు 2,700 మైళ్లు (ఇక్కడ మైళ్లంటే అన్నీ నాటికల్ మైళ్లే). ఇద్దరే ఉంటారు, రాత్రిళ్లు చాప తగ్గించి నడుపుతారు కాబట్టి సగటున 5 నాట్స్, అంటే గంటకి 5 మైళ్లు వేసుకోండి, రోజుకి 120 మైళ్లు, 22, 23 రోజులు. తిండీ నీళ్లూ 30 రోజులకి పెట్టుకోండి. గాలి లేకపోతే ఇంజన్ ఉందిగా అనుకోవద్దు. 150 లీటర్ల డీజిల్, గంటకి రెండున్నర లీటర్లు అనుకున్నా 60 గంటలు, 300 మైళ్లు, అంటే దారిలో తొమ్మిదో వంతు. ఆ డీజిల్ బ్యాటరీలు చార్జ్ చేసుకోడానికీ, చివర్లో హార్బర్‌లోకి దూరడానికీ ఉంచుకోవాలి. మధ్యలో ఆగాలనిపిస్తే కేప్ వర్డే దీవుల్లో మిండెలో అనే రేవు ఉంది, కెనరీస్ నుంచి 850 మైళ్ల దాకా, అక్కడి నుంచి బార్బడోస్ రెండు వేల పైచిలుకు. మీలాంటి మొదటిసారి వాళ్లకి నేను అదే చెప్తా, ఏదన్నా విరిగితే మొదటి వారంలోనే విరుగుద్ది, బాగు చేసుకోడానికి ఒక రేవు దొరుకుద్ది.

జిబ్రాల్టర్ దగ్గర ఇంకోటి. 2020 నుంచి ఆ చుట్టుపక్కల ఓర్కాలు (కిల్లర్ వేల్స్) సెయిల్‌బోట్ల చుక్కానుల్ని గుద్దుతున్నాయి, కొన్ని బోట్లు మునిగాయి కూడా. బయల్దేరే ముందు ఈ మధ్య ఎక్కడ కనిపించాయో చూసుకుని, తీరానికి దగ్గరగా లోతు తక్కువున్న నీళ్లలోనే వెళ్లండి. జలసంధిలో పైపై నీళ్లు అట్లాంటిక్ నుంచి లోపలికే వస్తుంటాయి, తూర్పు గాలి ఉన్న రోజు చూసుకుని పోటుపాట్ల టైము లెక్కేసుకుని బయటపడాలి.

ఆఖరి మాట. జిబ్రాల్టర్ నుంచి కెనరీస్ 700 మైళ్లు, ఆరు రోజులు. మీ అసలు పరీక్ష అదే. అది అయ్యాక ఇద్దరిలో ఎవరికి వద్దనిపించినా ఆ చలికాలమంతా కెనరీస్‌లోనే దీవి నుంచి దీవికి తిరగండి, అది కూడా చాలా మంది కలలో లేనంత మంచి ఏడాదే.

వేకువ_వాచ్:

నేను మీ ఆవిడ గురించి రాస్తా, ఆవిడ భయం సరైన భయం కాబట్టి. మేం కూడా ఇద్దరమే దాటాం, నేనూ మా ఆయనా.

మొదటి మూడు రోజులు లెక్కలోకి తీసుకోకండి. ఎవరికైనా కడుపులో తిప్పుతుంది, నిద్ర పట్టదు, ఇద్దరికీ చిరాకు. వాంతుల మాత్ర బయల్దేరే ముందు రోజు రాత్రే మొదలెట్టాలి, అది కూడా నేల మీద ఒకసారి వేసుకుని చూడాలి, కొందరికి మత్తుగా ఉంటుంది, కొందరికి చూపు మసకబారుతుంది. ఆ మూడు రోజుల వంట ముందే చేసి పెట్టుకోండి. తర్వాత కూడా వంట చేసేటప్పుడు బోటు ఊగి వేడినీళ్లు ఒంటి మీద పడితే నడిసముద్రంలో కాలిన గాయం మామూలు విషయం కాదు, అందుకే నేను ఎంత ఉక్కపోతలో అయినా మందపాటి వాన ప్యాంటు వేసుకునే స్టవ్ దగ్గర నిలబడతా, వండేది మూత బిగిసే ప్రెషర్ కుక్కర్‌లోనే.

వాచ్, అంటే మెలకువగా కాపలా కాసే వంతు, మేం మూడు గంటలకొకసారి మారేవాళ్లం. మొదట్లో నరకం, నాలుగో రోజు నుంచి ఒళ్లే లేపుతుంది. వాచ్‌లో ఉన్నవాళ్లు ప్రతి పది నిమిషాలకోసారి లేచి చుట్టూ పూర్తిగా చూడాలి. ఎందుకు పది అంటే, కాక్‌పిట్‌లో, అంటే స్టీరింగ్ దగ్గర కూర్చుంటే మన కంటి ఎత్తుకి కనిపించే దిగంతం మూడు మైళ్ల దూరమే. పెద్ద ఓడ దీపాలు అంతకంటే దూరం నుంచే కనిపిస్తాయనుకోండి, కానీ వాన పడుతుంటే ఆ మూడు మైళ్లే గ్యారంటీ. 20 నాట్స్‌తో వచ్చే ఓడ మూడు మైళ్లు తొమ్మిది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఓడలు తామెక్కడున్నాయో రేడియోలో చెప్పుకునే ఏఐఎస్ అనే పరికరం అలారం పెట్టుకోండి, కానీ దాన్నే నమ్ముకుని నిద్రపోకండి, ఏఐఎస్ పెట్టుకోని చిన్న పడవలూ ఉంటాయి. టైమర్ ఒకటి మెళ్లో వేసుకోమనండి ఆవిడని. రాత్రి భయానికి నాకు పనిచేసిన మందు ఆ టైమరే, చేయాల్సిన పని ఒకటి ఉంటే చీకటి మీదికి ధ్యాస పోదు. చీకటి పడేముందే మెయిన్‌సెయిల్ ఒక రీఫ్ తగ్గించేయండి, అంటే పెద్ద చాపని కొంత మడిచి కట్టేయండి, అప్పుడు అర్ధరాత్రి స్క్వాల్ (ఒక్కసారిగా విరుచుకుపడే గాలివాన) వచ్చినా ఆవిడ ఒక్కతే చూసుకోగలదు, మిమ్మల్ని లేపాలా వద్దా అని ఆలోచించక్కర్లేదు. లేపాలనిపిస్తే లేపేయాలి, లేపినందుకు మీరు ఒక్కసారి విసుక్కున్నా సరే ఆవిడ రెండోసారి లేపదు, ఆ రెండోసారే అవసరమవుతుంది.

ఇంకో విషయం, రాయడానికే కష్టంగా ఉంది కానీ రాయాలి. బోటు 6 నాట్స్‌లో పోతోందంటే సెకనుకి మూడు మీటర్లు, నిమిషానికి 185 మీటర్లు. ఆవిడ కింద నిద్రలో ఉండగా మీరు డెక్ మీద నుంచి జారితే ఆవిడ లేచేది మూడు గంటల తర్వాత, వాచ్ మారే టైముకి. అంటే పడకుండా ఉండడం ఒక్కటే దారి. ఒంటికి కట్టుకునే హార్నెస్, దాన్ని క్లిప్ చేసుకోడానికి బోటు ముందు నుంచి వెనక దాకా జాక్‌లైన్ తాడు, రాత్రి కాక్‌పిట్ దాటి ముందుకి వెళ్లాలంటే రెండోవాళ్లు లేచి పైన ఉండాల్సిందే, ఎండ కాస్తున్నా నిద్రమత్తున్నా అదే రూలు. మా ఆయన ఒకసారి రెండో నిమిషంలో వస్తా అని క్లిప్ పెట్టుకోకుండా ముందుకెళ్లాడు, నేను రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత ఎప్పుడూ అలా వెళ్లలేదు.

బయల్దేరేలోపు ఆవిడ ఒక్కతే చేయగలగాల్సినవి: చాప రీఫ్ చేయడం, ఇంజన్ స్టార్ట్ చేయడం, బోటు ఆపి నిలబెట్టడం అంటే హీవ్ టు, వీహెచ్ఎఫ్ రేడియోలో ప్రమాదం అని చెప్పే ఎర్ర బటన్ నొక్కి 16వ చానల్‌లో మాట్లాడటం, నీళ్లలో ఉన్న మిమ్మల్ని పైకి లాగడం. చివరిది ఒక్కసారైనా నిజంగా చేసి చూడండి. తడిసిన మనిషి బరువు చేతులతో లాగేది కాదు.

తెల్లచాప:

ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించా, లేపడం గురించి రాసింది రెండుసార్లు చదవమంది. తమ్ముడికి కూడా ఫోన్ చేసా, కాస్త నొచ్చుకున్నాడు గానీ అర్థం చేసుకున్నాడు.

మూడో మనిషి గురించి ఇంకా తేల్చుకోలేదు. ఒకరు తోడుంటే ఆరు గంటలు నిద్ర దొరుకుతుంది, అది తెలుసు, కానీ ముప్పై రోజులు తెలియని మనిషితో ఆ చిన్న క్యాబిన్‌లో అంటే బెరుకుగా ఉంది. నీళ్లూ సామాన్ల సంగతి ఎవరన్నా చెప్తారా?

పాత_రిగ్గర్:

మూడో మనిషిని తీసుకెళ్లేటట్టయితే కెనరీస్ దాకా 700 మైళ్లు తీసుకెళ్లి చూడండి, అక్కడ కుదరకపోతే మర్యాదగా దిగిపోవచ్చు ఎవరికీ బాధ ఉండదు.

నేను మాస్ట్‌లూ తీగలూ పని చేసేవాణ్ని కాబట్టి నా కళ్లకి ముందు అదే కనిపిస్తుంది. 1987 బోటు, మాస్ట్‌ని పట్టుకున్న స్టీలు తీగలు ఎప్పుడు మార్చారు? పదేళ్లు దాటాయంటే మార్చేయండి, సముద్రం దాటే బోటుకి ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు కూడా చాలామంది ఇదే అడుగుతారు. బయటికి నిగనిగలాడుతూ ఉంటుంది, తీగ చివర బిగించిన చోట లోపల పగులు ఉంటుంది, ఒక్క పోగు లేచి చేతికి గుచ్చుకున్నా ఆ తీగ పని అయిపోయినట్టే. మీ డబ్బులో మొదటి ఖర్చు ఇదే, రెండోది చుక్కాని. బోటు నేల మీదికి ఎత్తించి చుక్కాని పట్టుకుని అటూఇటూ ఊపండి, బేరింగ్ వదులుంటే చేతికి తెలుస్తుంది. మూడోది నీళ్ల కింద ఉన్న వాల్వులు, ప్రతి దాని పక్కనా దానికి సరిపోయే చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి, వాల్వు ఊడితే వెతుక్కునే టైం ఉండదు.

నడిసముద్రంలో బోట్లని దెబ్బతీసేది పెద్ద తుఫానుల కంటే ఎక్కువగా రాపిడి. మూడు వారాలు గాలి ఒకే వైపు నుంచి వస్తుంది, చాప తాడు ఒకే చోట ఒకే కప్పీ మీద రాత్రీ పగలూ రుద్దుకుంటూనే ఉంటుంది, లక్ష సార్లు కాదు అంతకన్నా ఎక్కువ. రోజూ పొద్దున్నే ఒక రౌండ్ వేసి ప్రతి తాడునీ కాస్త లాగో వదిలో రుద్దుకునే చోటు మార్చండి, డెక్ మీద ఎక్కడన్నా పిన్నూ నట్టూ పడి ఉందేమో చూడండి, ఉందంటే అది పైనుంచి ఎక్కడినుంచో ఊడింది అని. గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి బూమ్, అంటే పెద్ద చాప అడుగున ఉండే దూలం, ఒక్కసారిగా ఇటు నుంచి అటు తిరిగితే తలకి తగిలి ప్రాణం పోవచ్చు, దాన్ని ముందుకి లాగి కట్టే ప్రివెంటర్ తాడు లేకుండా రాత్రి నడపొద్దు.

ఆటోపైలట్ కరెంటుదే ఒకటి ఉందంటే నాకు భయం. సగటున 4 ఆంప్స్ తాగుద్ది అనుకున్నా రోజుకి దాదాపు 100 ఆంప్-అవర్లు, ఫ్రిజ్జూ లైట్లూ రేడియో కాకుండా. అది పాడైతే ఇద్దరూ చెరో మూడు గంటలు చేత్తో స్టీరింగ్ పట్టుకోవాలి, నిద్ర లేక అయిదో రోజుకి తప్పులు మొదలవుతాయి. గాలితోనే నడిచే విండ్‌వేన్ స్టీరింగ్ ఒకటి పెట్టించండి, కరెంటు అక్కర్లేదు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. వాటర్‌మేకర్‌కి పెట్టే డబ్బు దీనికి పెట్టమనే నేను చెప్తా. నీళ్లు లెక్కేయండి, ఇద్దరికి మనిషికి రోజుకి 4 లీటర్లు చొప్పున 30 రోజులకి 240 లీటర్లు, మీ ట్యాంకు 300. గిన్నెలూ ఒళ్లూ ఉప్పునీళ్లతో కడుక్కోవచ్చు. కానీ 300 ఒకే ట్యాంకులో ఉండకూడదు, అది కారినా పాడైనా మొత్తం పోతుంది, ఇంకో 80 లీటర్లు విడిగా క్యాన్లలో పెట్టుకోండి.

లైఫ్‌రాఫ్ట్ ఈ వారమే సర్వీసింగ్‌కి ఇవ్వండి, తెరిచేటప్పుడు మీరిద్దరూ పక్కన ఉండండి, లోపల ఏముందో ఎక్కడుందో కళ్లతో చూస్తారు. కానీ అందులోకి దిగడం ఆఖరి పని. 1979 ఫాస్ట్‌నెట్ అనే సెయిల్‌బోట్ల రేసులో తుఫాను వచ్చినప్పుడు 15 మంది సెయిలర్లు చనిపోయారు, 24 బోట్లని జనం వదిలేసారు, వాటిలో మునిగింది 5, మిగతా 19 తర్వాత తేలుతూనే దొరికాయి. బోటు నిజంగా కాళ్ల కింద మునిగిపోతుంటేనే రాఫ్ట్.

ఈపర్బ్, అంటే ప్రమాదంలో శాటిలైట్‌కి సిగ్నల్ పంపే పరికరం, అది మాత్రం కొత్తది కొనండి, 406 మెగాహెర్ట్జ్‌ది, కొన్న రోజే మీ బోటు ఏ దేశంలో రిజిస్టర్ అయిందో అక్కడ మీ పేరు, ఒడ్డున ఉన్నవాళ్ల ఫోన్ నంబర్ నమోదు చేయించండి. దాంతో పాటు చేతిలో పట్టే శాటిలైట్ మెసేజ్ పరికరం ఒకటి. 2018 సెప్టెంబర్ 21న మన నేవీ ఆఫీసర్ అభిలాష్ టామీ ఒంటరిగా రేసులో ఉండగా దక్షిణ హిందూ మహాసముద్రంలో బోటు తిరగబడి మాస్ట్ విరిగిపోయింది, వెన్నుకి దెబ్బ తగిలి లేచి నడవలేని స్థితిలో బంకులో పడుకుని టెక్స్ట్ మెసేజ్‌లు పంపాడు, 24న ఒసిరిస్ అనే ఫ్రెంచి ఓడ వచ్చి తీసుకెళ్లింది. మూడు రోజులు పట్టింది చూడండి, ప్రపంచమంతా ఎక్కడున్నాడో తెలిసి కూడా. సాయం వచ్చేదాకా బతికుండేందుకు కావాల్సినవి మీ బోటులోనే ఉండాలి.

ఉప్పునీళ్లు:

పాత_రిగ్గర్ గారు చెప్పినవన్నీ ఒప్పుకుంటా, వాటర్‌మేకర్ ఒక్కటి తప్ప. చిన్నది, గంటకి ఆరేడు లీటర్లు ఇచ్చేది పెట్టుకుంటే ఒంటి మీద ఉప్పు కడుక్కోవచ్చు. మూడో వారానికి ఉప్పు వల్ల నాకు కూర్చునే చోట పుండ్లు లేచాయి, అప్పుడు మంచినీళ్ల స్నానం విలువ తెలిసింది. కానీ ఎంత నమ్మకమైన మిషనైనా ఆయన చెప్పిన 240 లీటర్ల లెక్క మాత్రం తగ్గించొద్దు, మిషన్ లేనట్టే నింపుకోండి.

కాగితాల సంగతి ఎవరూ రాయలేదు. ప్రతి దేశం నుంచి బయల్దేరేటప్పుడు పోర్ట్ క్లియరెన్స్ కాగితం తీసుకోవాలి, తర్వాతి దేశంలో అదే మొదట అడుగుతారు. చేరగానే పసుపు జెండా ఎగరేసి, క్లియరెన్స్ అయ్యేదాకా సరంగు తప్ప ఎవరూ దిగకూడదు. వీసాలు బోటులో వచ్చేవాళ్లకి వేరుగా ఉండొచ్చు, ఉదాహరణకి విమానంలో వీసా లేకుండా అమెరికా వెళ్లగలిగే దేశాల వాళ్లు కూడా సొంత బోటులో వెళ్తే వీసా తీసుకోవాల్సిందే. పళ్ల డాక్టర్ దగ్గరికి ఇద్దరూ ఒకసారి వెళ్లి రండి. రోమ్‌లో 1935 నుంచి సముద్రంలో ఉన్నవాళ్లకి ఉచితంగా వైద్య సలహా ఇచ్చే కేంద్రం ఉంది, సీఐఆర్ఎం, ఏ దేశం ఓడైనా సరే, ఆ నంబర్ చార్ట్ టేబుల్ మీద అంటించుకోండి.

తెల్లచాప:

నేను వాళ్ల ఆవిడని, ఆయన లాగిన్‌లోంచే రాస్తున్నా. వేకువ_వాచ్ అక్కా, మీరు రాసిన ఆ లిస్టు కాగితం మీద రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ వస్తున్నా. రీఫ్ చేయడం వచ్చింది, ఇంజన్ వచ్చింది, రేడియో కోర్సుకి ఇద్దరం పేర్లిచ్చాం.

నిన్న మెరీనా బయటికెళ్లి ఒక ఫెండర్‌కి (బోటు పక్కన వేలాడదీసే గాలి బుంగ) బకెట్ కట్టి నీళ్లలో పడేసి నేను ఒక్కదాన్నే బోటు తిప్పి దాని దగ్గరికి తెచ్చా. ఆయన పక్కనే నోరు మూసుకుని కూర్చున్నాడు, అది ఆయనకి చాలా కష్టమైన పని. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది, రెండుసార్లు దాన్ని దాటేసి వెళ్లిపోయా. ఆరోసారికి నాలుగు నిమిషాలు. తర్వాత ఆయన లైఫ్ జాకెట్‌తో లంగరేసిన బోటు పక్కన నీళ్లలోకి దిగాడు, పైకి లాగడం అస్సలు నా వల్ల కాలేదు, గట్టిగా ఏడుపొచ్చింది. ఆయన నిచ్చెన పట్టుకుని ఎక్కొచ్చాడు, కానీ ఇద్దరికీ అర్థమైంది స్పృహ లేకపోతే నిచ్చెన ఎక్కలేడని.

మేం డిసెంబర్‌కే మార్చుకున్నాం. కెనరీస్ దాకా ముందు వెళ్తాం, అక్కడ నిర్ణయం నాది అని ఆయనే అన్నాడు. నా ప్రశ్న ఒకటే, ఆయన్ని లాగడానికి ఏం కట్టుకోవాలి? చేతులతో కాదని తెలిసింది, మరి దేంతో?

వేకువ_వాచ్:

ఏడుపు నాకూ వచ్చింది తల్లీ, మొదటిసారి. దానికి అయిదు వరసల కప్పీ తాడు కావాలి, 80 కిలోల మనిషి చేతికి పదహారు, రాపిడితో కలిపి ఇరవై పైన తెలుస్తాడు. పై కప్పీని వాడని హాలియార్డ్‌కి, అంటే చాప పైకెత్తే తాడుకి తగిలించి డెక్ మీద మీ తల కంటే ఎత్తుకి లేపి బిగించండి, కింది కప్పీకి నీళ్ల దాకా చేరే పొడవుండాలి, మీ బోటుకి మూడు మీటర్లనుకుంటే అయిదు వరసలకి పదిహేను, చేతిలోంచి వించ్ (తాడు చుట్టి లాగే మరచక్రం) దాకా ఇంకో నాలుగైదు, మొత్తం ఇరవై మీటర్ల తాడు. కింద కొక్కెం లాక్ అయ్యేది పెట్టండి, ఒంటి చేత్తో తెరవగలిగేది, హార్నెస్ రింగుకి నేరుగా తగిలేలా. సంచిలో చుట్టి కాక్‌పిట్‌లో మీ చేతికందే చోట ఉంచండి, లాకర్ అడుగున కాదు. కట్టాక ఆయన్ని మళ్లీ నీళ్లలోకి దించండి, ఈసారి ఒంట్లో సత్తువ లేనివాడిలా వేలాడమనండి, అసలు సాయం చేయొద్దని చెప్పండి. ఎన్ని నిమిషాలు పట్టిందో వచ్చి రాయండి.